జూన్ ఒకటిన పుట్టిన పిల్లలు

బడి హైస్కూలై ముప్పై ఏళ్లు నిండుతున్నాయి, చరిత్ర రాసివ్వండి అని అడిగితే జలాలుద్దీన్ సారు కాదనలేదు. కాదనడం ఆయనకెప్పుడు వచ్చు గనక! రిటైరై పదమూడేళ్లయినా ఆ బొగ్గుగనుల బస్తీలో సారు ఎదురైతే బండి ఆపి నమస్తే పెట్టనివాడు లేడు.

నాలుగు పేజీలు రాశారు. అందులో ఆయనకు ముద్దొచ్చిన పేజీ తొంభై నాలుగో సంవత్సరానిది. బడిలో వందమంది పిల్లలుంటేనే పై తరగతులు ఇస్తామన్నారు. ఉన్నది తొంభై ముగ్గురు. సారు కార్మికుల క్వార్టర్లన్నీ తిరిగి, నాలుగేళ్లు నిండీ నిండని ఏడుగురిని పట్టుకొచ్చి, అందరికీ అయిదేళ్లని రాసేశారు. పుట్టినరోజు ఏడుగురికీ ఒకటే, ఎనభై తొమ్మిది జూన్ ఒకటి. ఆ లెక్కన ఆ రోజు బస్తీలో మంత్రసానికి తిండి తినే తీరిక కూడా ఉండకూడదు! ఈ కథ సారు ఎన్నిసార్లు చెప్పారో, విన్నవాళ్లు అన్నిసార్లూ నవ్వారు.

ఆ ఏడుగురిలో ఒకతె భూమిక ఆ వారంలోనే ఆయన ఇంటికి వచ్చింది. ఆమె తండ్రి బుచ్చిరాములు ముప్పై ఏళ్లు బావిలోకి దిగి బొగ్గు తవ్వినవాడు. ఊపిరితిత్తులు చెడి, ఇక పనికిరాడని డాక్టర్లు రాసిచ్చారు. అలాంటివాళ్ల పిల్లల్లో ఒకరికి కంపెనీ ఉద్యోగమిస్తుంది. కానీ వయసు ముప్పై అయిదు దాటకూడదు.

"నాకు ముప్పై అయిదు మీద నాలుగు నెలలు దాటినయంటున్నరు సార్. మా అవ్వ నన్ను కన్నది సమ్మక్క జాతరల. ఎనభై తొమ్మిదిల జాతరే లేకుండె, తొంభైల అయింది! మీరే ఓ ఏడాది ఎక్కువ రాసిండ్రని జర చెప్పుండ్రి సార్" అంది.

భర్త లేడు, ఇద్దరు పిల్లలు, ఇప్పుడు మంచాన పడ్డ తండ్రి. ఆ ఉద్యోగం తప్ప ఆ ఇంటికి వేరే దిక్కు లేదని సారుకు తెలుసు. మర్నాడే, వయసు తానే ఎక్కువ వేశానని కాగితం రాసుకుని కంపెనీ ఆఫీసుకు పోయారు. గుమాస్తా సంపత్ ఆయన శిష్యుడే. లేచి నిలబడి చదివాడు.

"పదో తరగతి మెమోల ఏముంటే గదే లెక్క సార్. గీ కాగితం నడ్వది. ఉల్టా మీ మీదనే కేసైతది."

"కానియ్యి బేటా. జైల్ల వెయ్యమను."

"ఏసినా ఆమెకు నౌకరి రాదు సార్" అన్నాడు సంపత్, తల వంచుకుని.

ఆఫీసు నుంచి సారు నేరుగా బుచ్చిరాములు ఇంటికి నడిచారు. తిట్లు తినడానికే బయల్దేరారు. తిడితే కాస్త తేలికపడొచ్చని ఆశ కూడా ఉంది.

బుచ్చిరాములు మంచం మీద కూర్చుని, ముందుకు వంగి గాలి పీలుస్తున్నాడు. సారును చూసి లేవబోయాడు. "దుర్గవ్వా, సారొచ్చిండు. కుర్సెయ్యి" అన్నాడు భార్యతో.

సారు కూర్చోలేదు. "నీ బిడ్డ నౌకరి నేనే పోగొట్టిన బుచ్చిరాములూ. నా బడి కోసం దాని వయసు పెంచిన. నన్ను తిట్టు."

బుచ్చిరాములు చెయ్యి అడ్డంగా ఊపాడు. మాటకూ మాటకూ మధ్య గాలి కోసం ఆగుతూ చెప్పాడు.

"గట్లనకుండ్రి సార్. మీరు రాయకపోతే గీ బస్తీల పదో తరగతి యాడిది? తప్పు నాది. బావి దిగకని డాక్టరు నిరుడే అన్నడు. నేనే ఇననైతి. పానం బాగనే ఉన్నదని దబాయించి మల్ల దిగిన." దగ్గు తగ్గేదాకా ఆగాడు. "నిరుడే కూలబడితే పిల్లకు వయసు సరిపోతుండె. జర ముందుగాల కూలబడకపోతి సార్."

క్షమించమని అడుగుతున్నట్టే ఉంది ఆ మనిషి ముఖం. జలాలుద్దీన్ సారు రెండు చేతులతో మొహం కప్పుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. ఆయన్ను ఎలా ఊరుకోబెట్టాలో తెలియక బుచ్చిరాములు భార్య వైపు చూశాడు.