బొగ్గుకు ఎవరేం పెట్టారు

పుస్తకాల బైండరుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈసారి ఆ కోపానికి దొరికింది పిల్లనిచ్చిన మామగారు.

బైండరు కుక్క పేరు బొగ్గు. రంగు చూసి పెట్టిన పేరు. నాలుగు నెలలుగా దానిది ఒకటే తంతు. మూడు వారాలు రాళ్లు తిన్నా అరిగించుకునేలా ఉంటుంది, నాలుగో వారం వచ్చేసరికి వాంతులు, విరేచనాలు. మందు వేస్తే తగ్గుతుంది, నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది. నాలుగోసారి సెలైన్ ఎక్కిస్తూ పశువుల డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది.

"మందులతో ఎన్నాళ్లు నెట్టుకొస్తాం? ఇలాగే నీరసపడుతుంటే ఏదో ఒకసారి మీకు దక్కదు. దాని కడుపులోకి ఏం పోతోందో ముందు కనుక్కోండి."

బైండరు ఆలోచించాడు. నాలుగో వారమంటే లైబ్రరీ పుస్తకాల కట్టలు వచ్చే వారం. ఆ పని దొరికి నాలుగు నెలలే అయింది. ఆ వారం మాత్రమే మామగారు షాపుకొచ్చి కూర్చుంటారు. ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి; చిరిగిన పుస్తకాల్లో పేజీల వరుస చూడటానికి ఆయన్ను మించినవాళ్లు లేరు. బొగ్గు పగలంతా ఆయన కాళ్ల దగ్గరే పడుకుంటుంది. షుగరు పడిపోతే తినడానికని ఆయన జేబులో ఎప్పుడూ బిస్కెట్లుంటాయి. ఇంకేం కావాలి? దొంగ దొరికాడనుకున్నాడు బైండరు.

"మావయ్యా, నేను చూడకుండా దానికేం పెడుతున్నారు?"

పెద్దాయన కళ్లద్దాలు తీశారు. "నేనా? నేనేం పెట్టలేదే!"

"పెట్టి మర్చిపోతున్నారేమో. ఈ మధ్య మీకేం గుర్తుంటోంది గనక? మీ జాలి దాని ప్రాణం మీదికి తెస్తోంది."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. పెద్దాయన చేతిలో ఉన్న పుస్తకాన్ని ఆఖరి పేజీ దాకా చూసి, కట్టలో పెట్టి వెళ్లిపోయారు. ఇల్లు పక్కవీధిలోనే. అయినా నెల రోజులు ఇటు తొంగి చూడలేదు. "నాన్న ఫోన్లో కూడా సరిగ్గా మాట్లాడటం లేదండీ," అని భార్య రెండుసార్లు చెప్పింది. "కుక్క బాగుంది కదా," అన్నాడు ఈ మహానుభావుడు.

మళ్లీ లైబ్రరీ కట్టలొచ్చాయి. పేజీలు తనే చూసుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే బొగ్గు గుమ్మంలో కక్కుకుని, లేవలేక పడి ఉంది. బైండరు దాన్ని భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు.

డాక్టరమ్మ కుక్కను చూసింది. తర్వాత అతని చేతులు చూసింది.

"మీ గోళ్లలో ఆ నీలం ఏంటి?"

"జిగురండీ. లైబ్రరీ పుస్తకాలకు పురుగు పట్టకూడదని మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతాను. మా నాన్న నేర్పిన పద్ధతి. నోటుపుస్తకాలకైతే కలపను."

"పనయ్యాక చేతులు కడుక్కుంటారా?"

"గుడ్డకు తుడుచుకుంటాను. తర్వాత మెట్టు మీద కూర్చుంటే..."

బల్ల మీదున్న బొగ్గు అంత నీరసంలోనూ మెడ సాచి అతని వేళ్లు నాకడం మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం మెట్టు మీద చేసే పనే అది. నేనంటే దీనికి ప్రాణమని వచ్చేపోయేవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. డాక్టరమ్మ అతని చెయ్యి పట్టుకుని పక్కకు తీసింది.

గురివింద గింజకు తన కింద నలుపు కనబడదంటారు. ఈయనగారికి తన గోళ్లలో నీలం కనబడలేదు.

కుక్కకు గండం తప్పిందని డాక్టరమ్మ చెప్పాక, బైండరు నేరుగా మామగారింటికి నడిచాడు. పెద్దాయన బల్ల ముందు కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్కో వాక్యం పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు. "ఏడు గంటలు. పాలు కాచాను. పొయ్యి ఆర్పాను. ఎనిమిది. తాళం వేసి బయల్దేరాను. దారిలో కుక్క కనబడింది. ఏమీ పెట్టలేదు." వెనక్కి తిప్పితే పేజీలకు పేజీలు ఇదే. మొదటి పేజీ మీది తారీఖు, తను ఆ మాట అన్న మర్నాటిది.

"ఇదేంటి మావయ్యా?"

"గుర్తుండటం లేదన్నావుగా. ఒక్క అక్షరం పొల్లుపోనివ్వనివాణ్ణి, చేత్తో పెట్టి మర్చిపోయానంటే ఇంక నన్ను నేనెలా నమ్మను అల్లుడూ? బొగ్గెలా ఉంది? పాపం, నా మూలంగా..."

బైండరుకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. "మీరేం పెట్టలేదు మావయ్యా. పెట్టింది నేను," అని చేతులు చాపి, జరిగిందంతా చెప్పాడు. ఆయన తిడితే బాగుండుననుకున్నాడు.

ఆయన తిట్టలేదు. నోటుపుస్తకం అల్లుడి ముందుకు జరిపి, పెన్సిలు చేతిలో పెట్టారు.

"ఆ మాట ఇందులో రాసి సంతకం పెట్టు. నువ్వు చెప్పావని రేపు నాకు గుర్తుండకపోతే?"