దుప్పటి చాటు తూకం

నేను ఒక తూకం యంత్రాన్ని. నలుచదరపు ఇనుప పళ్లెం, దానికి వైరుతో తగిలించిన అంకెల పెట్టె, అంతే నా ఒళ్లు. గుజరాత్‌లో ఒక చిన్న కార్ఖానాలో నన్ను బిగించారు. వరంగల్ చేరి మొదట ఒక మిర్చి వ్యాపారి దగ్గర పనిచేశాను. అమ్మే రైతు అంకె పెరగాలని చూసేవాడు, కొనే సేటు తగ్గాలని చూసేవాడు. బస్తా మాత్రం ఎవరి పక్షమూ వహించకుండా కూర్చునేది.

వ్యాపారి పెద్ద కాటా కొనుక్కున్నాక నన్ను హన్మకొండలో స్వామిదాసు జిమ్‌కు ఇచ్చేశాడు. స్వామిదాసు ఒకప్పటి పహిల్వాను. కుస్తీ, బాక్సింగ్, జూడో అన్నీ కలిపి జాలీ కంచె లోపల ఆడే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్పేవాడు. మనుషుల్ని తూచడమంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. చెవిపోగులు తీసి ఎక్కుతారు. ఊపిరి వదిలేసి ఎక్కుతారు. ఊపిరికి బరువుంటుందని వాళ్లకు ఎవరు చెప్పారో మరి.

ఆ జిమ్‌లో అందరికంటే గట్టి ఆట మాలోతు ఈశ్వరిది. మహబూబాబాద్ పక్క తండా నుంచి డిగ్రీ చదవడానికి వచ్చిన అమ్మాయి. ఇది ఆట కాదు, వీధి కొట్లాట అని ఆమె నాన్నకు కోపం. అన్ని దేశాలకూ ఒకటే నియమం, ఒకటే గ్లోవ్స్, ఒకటే తూకం వస్తున్నాయనీ, రేపు ఒలింపిక్స్‌లో కూడా చూస్తావనీ, కొట్లాటకూ ఆటకూ తేడా ఆ నియమమేననీ ఆయనతో ఫోన్‌లో వాదించేది. కొత్తగా చేరిన వాళ్లకూ ఆ మాటే చెప్పేది. మనసారా నమ్మి చెప్పేది.

ఆసియా పోటీలకు రాష్ట్రం నుంచి ఎంపికలు హన్మకొండలోనే పెట్టారు. నిర్వాహకుల యంత్రం మొరాయించడంతో నన్ను పట్టుకెళ్లారు. ఈశ్వరిది యాభై రెండు కిలోల విభాగం. అంతకు ముందు రెండు రోజులు నీళ్లు మానేసి, ప్లాస్టిక్ కోటు వేసుకుని ఎండలో పరుగెత్తింది. అయినా తూకం నాటి పొద్దున ముప్పావు కిలో ఎక్కువే ఉంది. పెదవులు పగిలి, కళ్లు లోపలికి పోయాయి. ఏడవడానికి కన్నీళ్లు కూడా మిగల్లేదు.

ఆడపిల్లలు ఒంటి మీద బట్టలు తగ్గించి ఎక్కుతారు కాబట్టి చుట్టూ దుప్పటి పట్టేవారు. అంకెల పెట్టె మాత్రం దుప్పటి బయట, అధికారి బల్ల మీద ఉండేది. స్వామిదాసు ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

“దుప్పటి అంచు మీద చెయ్యి ఆనియ్యి బిడ్డా. గట్టిగ ఒత్తకు. అన్ని దేశాలల్ల చేసేదే.”

ఆమె ఎక్కింది. కాసేపు రెండు చేతులూ ఒంటికి అదిమిపట్టుకునే నిలబడింది. తర్వాత ఒక చెయ్యి లేచి దుప్పటి అంచు మీద వాలింది. ఆ చెయ్యి దుప్పటి మీద మోపిన బరువు నాదాకా రాలేదు. బల్ల దగ్గర అధికారి సరేనన్నాడు.

మర్నాటికి ఈశ్వరి నీళ్లు తాగి, అన్నం తిని, మళ్లీ తన ఒళ్లు తాను తెచ్చుకుంది. ఆమెతో తలపడింది నిర్మల్ నుంచి వచ్చిన తబస్సుమ్. ఆ అమ్మాయి బరువు యాభై రెండు కూడా పూర్తిగా లేదు. ఈశ్వరి ఆమెను ఎత్తి కింద వేసి కదలకుండా అదిమేసింది. ఆట ఎక్కువసేపు సాగలేదు.

సాయంత్రం తబస్సుమ్ చేతికి ఐసు సంచి కట్టుకుని, ఈశ్వరి నన్ను సర్దుతున్న మూలకు వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఈశ్వరి మెడలో మెడల్‌ను చేత్తో ముట్టుకుని చూసింది.

“బరువు ఇద్దరిదీ ఒక్కటే గదక్కా. మరి నీకు గంత బలం యాడికెళ్లి వచ్చింది? నేనేం తప్పు చేస్తున్ననో జెర చెప్పు.”

కాళ్లు ఎలా పెట్టాలో, నడుము ఎలా తిప్పాలో ఈశ్వరి ఏదో చెప్పింది. చెబుతున్నంతసేపూ నేల చూపులే. తబస్సుమ్ ఆ మాటలన్నీ శ్రద్ధగా విని, దండం పెట్టి వెళ్లింది. ఈశ్వరి మెడల్ తీసి జేబులో వేసుకుంది. ఆ రాత్రి జిమ్‌లో పిల్లలు కేకు తెస్తే తలనొప్పని చెప్పి వెళ్లిపోయింది.

వారం దాకా ఆమె నా మీద ఎక్కలేదు. కొత్తవాళ్లు ఒలింపిక్స్ ముచ్చట చెప్పమంటే మాట మార్చేది. చివరికి ఒకరోజు ఎంపికల పెద్ద సరోజన మేడమ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పేసింది. తానే చేశానంది, స్వామిదాసు పేరు ఎత్తలేదు. వాళ్లు ఆయన్ని పిలిచి అడిగితే ఆయనే ఒప్పుకున్నాడు.

ఎవరూ ఆమెను మెచ్చుకోలేదు. ఈశ్వరిని ఏడాది ఆడనివ్వలేదు. స్వామిదాసుకు శిక్షకుడిగా గుర్తింపు పోయింది, సగంమంది పిల్లలు వేరే జిమ్‌కు వెళ్లిపోయారు. ఆయన తిట్టలేదు గానీ ఆమెను బిడ్డా అని పిలవడం మానేశాడు. ఇదొక ఆటేనా అని పేపర్లో వచ్చింది. అదే మాట తండా నుంచి నాన్న ఫోన్ చేసి అడిగితే, ఈసారి ఆమె వాదించకుండా ఫోన్ పెట్టేసింది. ఈశ్వరికి బదులుగా ఆసియా పోటీలకు వెళ్లిన తబస్సుమ్ శిక్షణకు వ్యవధి చాలక మొదటి ఆటలోనే ఓడి తిరిగొచ్చింది.

మరుసటి ఏడాది ఎంపికల్లో దుప్పటి పోయింది. ఆడపిల్లలకు మూసిన గది, ఆడ అధికారులే, ఎక్కినవాళ్లు చేతులు తల మీద పెట్టుకోవాలి. అన్ని దేశాల్లో వాడే రకం యంత్రం వచ్చింది. ముందుగా ఎవరి బరువు వాళ్లు చూసుకోవడానికి నన్ను వరండాలో పడేశారు. తిరిగి గుర్తింపు తెచ్చుకున్న స్వామిదాసు కొత్త నియమాలను తానే రాసినట్టు పిల్లలకు వివరిస్తున్నాడు.

ఈశ్వరి ఈసారి పై విభాగంలో పేరు ఇచ్చింది. నా మీద ఎక్కబోతుంటే వెనక తబస్సుమ్ నిలబడి ఉంది. ఇద్దరూ ఆగిపోయారు.

“మేడమ్‌కు చెప్పినవని విన్న,” అంది తబస్సుమ్. “మంచిదే. గని ఆ దినం నేను అడిగిన గదా. నాకు చెప్పలే.”

“చెప్పలే,” అంది ఈశ్వరి.

 తబస్సుమ్ వరుసలో తన చోటు వదిలి నీళ్ల కుండ వైపు వెళ్లిపోయింది. ఈశ్వరి నా మీద ఎక్కి అంకె చూసుకుంది, దిగింది, తల వంచుకునే గదిలోకి నడిచింది.

ఆ రోజు ఆమె గెలిచిందో ఓడిందో వరండాలో ఉన్న నాకు తెలియదు. బరువు మాత్రం సరిగ్గా ఉంది.