కోయని కొస

సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో కారు తలుపు చట్రాన్ని తుడుస్తూ, మూలలో అతుక్కుపోయిన పాత రబ్బరు పొట్టును గోటితో గీకుతున్నాడతను. చాకు పెడితే పని త్వరగా తెమిలేది. కానీ రంగుకు గీత పడుతుంది. ఆ లేత ఆకుపచ్చ రంగు కారు పుట్టిననాటిది.

షెడ్డు అవతలి వైపు రంగులు కలుపుతున్న బావమరిది ఊరుకోలేదు.

"బావా, రబ్బరు వేస్తున్నావా, కారుకి లాల పోస్తున్నావా?"

"ముందు నువ్వా డబ్బా మూతపెట్టు. వాసనకి ముక్కు ఊడేలా ఉంది."

అందరూ అతన్ని రబ్బరాయన అనేవారు. ఇంజను జోలికి పోడు, సొట్టలు తీయడం రాదు. తలుపుల చుట్టూ, అద్దాల చుట్టూ రబ్బరు బీడింగు వేయడమొక్కటే అతని పని. సరిగ్గా వేసిన రబ్బరు ఎవరి కంటా పడదు. వాన నీళ్లు ఒళ్లోకి కారినప్పుడే అదొకటుందని గుర్తొస్తుంది. అందుకే అతన్ని మెచ్చుకున్నవాళ్లు తక్కువ. అతను దానికెప్పుడూ చిన్నబుచ్చుకోలేదు.

ఈ కారు నర్సమ్మది. ఆసుపత్రి ఉద్యోగం అయిపోయినా ఆమెకు ఆ పేరు పోలేదు, కారూ పోలేదు. ఇప్పుడు పోయేలా ఉంది. కుడి మణికట్టులో పట్టు తప్పింది. పాత రబ్బరు బండబారిపోయి, భుజంతో నెడితే గాని తలుపు పడడం లేదు. "తలుపే వేసుకోలేనిదానివి, స్టీరింగేం తిప్పుతావమ్మా? అమ్మేద్దాం" అని కొడుకు తేల్చేశాడు. నిన్న కారు వదిలి వెళ్తూ ఆమె అడిగింది ఒక్కటే.

"తమ్ముడూ, ఒక్క వేలితో పడాలి."

రబ్బరును సాగదీసి బిగిస్తే చూడ్డానికి నున్నగా ఉంటుంది. ఎండలు ముదిరేసరికి కుంచించుకుపోయి మూలల్లో నోరు తెరుస్తుంది. అతను లాగలేదు. కాస్త కాస్త వదులిస్తూ, బొటనవేలితో ఒత్తుకుంటూ, చంటిపిల్లకు చొక్కా తొడిగినట్టు చట్రానికి తొడిగాడు. కింద గడప దగ్గర రెండు కొసలూ కలిశాయి. మిగిలిన కాస్త ముక్కను కోయకుండా కార్పెట్ కిందికి దోపాడు.

తలుపు నెమ్మదిగా తోశాడు. పడలేదు. ఇంకాస్త గట్టిగా తోశాడు. ఎగిరి వెనక్కి వచ్చింది.

"పడలేదా బావా?" ఈసారి బావమరిది గొంతులో వేళాకోళం లేదు. సాయంత్రం నర్సమ్మ వస్తుంది, కొడుకుని వెంటబెట్టుకుని.

అతను రబ్బరు మీద సుద్ద రాసి, తలుపును అదిమి మూసి తెరిచాడు. సుద్ద తలుపుకు చుట్టూ సమంగానే అంటింది. తలుపు వంకర కాదు. రబ్బరును వేళ్ల మధ్య నొక్కితే గాలి బిగబట్టిన బుగ్గలా ఎదురుతన్నింది. అప్పుడు అర్థమైంది. బోలు రబ్బరుకు గాలి పోయే బెజ్జాలుండాలి. ఈ రబ్బరు చుట్ట తయారుచేసినవాళ్లు అవి పెట్టడం మరిచారు.

"ఏమేవ్, నీ లావు సూదోసారి ఇవ్వు."

కిటికీ దగ్గర సీటు కవర్లు కుడుతున్న భార్య తలెత్తింది. "మొన్న తీసుకున్నది వంచి తెచ్చావు. దీన్నేం చేస్తావో!"

అంటూనే ఇచ్చింది. వాన నీళ్లు చేరని లోపలి వైపున జానెడుకొక బెజ్జం పొడుస్తూ పోయాడు. "ఊపిరి పీల్చుకోవే తల్లీ" అన్నాడు రబ్బరుతో.

"నాతో ఏనాడైనా ఇంత మెత్తగా మాట్లాడావా?"

"నువ్వేమైనా ఒక్క వేలితో మూతపడే రకమా?"

బావమరిది చేతిలోని బ్రష్షు కింద పడేసి మరీ నవ్వాడు. భార్య కోపం తెచ్చుకోబోయి కుదరక తనూ నవ్వేసింది.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. కొడుకు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఆమె కుడిచేతి చూపుడువేలు తలుపుకు ఆనించి తోసింది. టప్. పెట్టె మూత పడినంత మెత్తగా పడింది. తెరిచి మళ్లీ వేసింది. మళ్లీ.

"ఇక చాల్లేమ్మా, అరిగిపోతుంది" అని కొడుకే తాళం ఆమె చేతిలో పెట్టాడు.

రబ్బరాయన కారులోని కార్పెట్ అంచు ఎత్తి చూపించాడు. "ఈ కొస ఇంకా కోయలేదక్కా. రబ్బరు సర్దుకునేదాకా కోయకూడదు. పై వారం రండి, నేనే కోస్తాను."

అతని ఇంట్లో తలుపులన్నిటికీ మిగిలిపోయిన రబ్బరు ముక్కలే. ఒకచోట నలుపు, ఒకచోట గోధుమరంగు, బీరువాకు తెలుపు. "మా ఇల్లు కారేనమ్మా, కదలదంతే" అనేది భార్య పక్కింటివాళ్లతో. ఆ రాత్రి అతను మారు వడ్డించుకుని తిన్నాడు. "ఒక్క వేలితో!" అని తనలో తనే నవ్వుకుని, నడుం వాలుస్తానని గదిలోకి వెళ్లాడు. వీధిలో పిల్లల గోల. అది అతని చెవిన పడకుండా భార్య తలుపు దగ్గరికి లాగింది. టప్.

గిన్నెలు కడుక్కుని వచ్చి చూస్తే, చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రలోనే కన్నుమూసి ఉన్నాడు. గోళ్లలో సుద్ద ఇంకా తెల్లగానే ఉంది.

చెప్పిన మాట ప్రకారం పై వారం నర్సమ్మ వచ్చింది. సంగతి విని, అతని భార్య చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. ఆమె వెళ్లడానికి లేచేసరికి బావమరిది చాకు తెచ్చాడు.

"ఆ కొస కోసేస్తానమ్మా. బావ చెప్పాడుగా."

"ఉండనీ బాబూ. దానివల్ల నాకేం అడ్డం?"

ఆమె కారెక్కి, ఒక్క వేలితో తలుపు వేసుకుంది. లోపల, కార్పెట్ అంచును కాస్త పైకెత్తుతూ, బొటనవేలంత నల్ల రబ్బరు కొస.