రెండిళ్లలోనూ లేని పేరు

అంట్లు తోముతుంటే ఎవరో తలుపు కొట్టారు. ఓటర్ల పేర్లు రాసుకునే టీచరమ్మ. చంకలో కాగితాల కట్ట, మొహమంతా చెమట.

"ఇంట్లో ఎవరూ లేరా?"

"ఎవరూ లేరండీ, సాయంత్రం రండి," అంది ఆమె, మసి చేతులు వెనక్కి పెట్టుకుని.

సాయంత్రం మొగుడు గుమ్మంలో నిలబడి రాయించాడు. తన పేరు, తల్లి పేరు, తమ్ముడి పేరు. పోయిన మామగారి పేరు కొట్టేయబోతే అత్త అడ్డం పడింది. "ఉండనీ తల్లీ, మనసొప్పదు." టీచరమ్మ ఊరుకుంది.

"మరి మీ ఆవిడ?"

"దానికి పుట్టింట్లో ఓటుందండీ."

సరే, ఉందేమో అనుకుంది ఆమె, వంటింట్లోంచి వింటూ. పోలింగు రోజు అందరికీ వండిపెట్టి, పుట్టింటికి బస్సెక్కింది. అక్కడ పేరు లేదు.

అన్న నవ్వాడు. "పెళ్ళై వెళ్ళినదానివి, ఇక్కడెందుకే నీ పేరు? నేనే తీయించా. ఓటు కోసమా వచ్చింది? నన్ను చూడ్డానికనుకున్నా."

తిరిగొచ్చేసరికి మొగుడు వేలి సిరా చూసుకుంటున్నాడు. సంగతి చెప్పింది.

"లేకపోతే కొంపేం మునిగింది? టీ పెట్టు."

టీ పెట్టింది. పెడుతుంటే కడుపు మండింది. చచ్చిపోయిన మామగారు ఈ ఇంట్లో ఉన్నాడు, బతికున్న తను లేదు. అక్కడ వెళ్ళిపోయిన మనిషి, ఇక్కడ రాని మనిషి. మరి ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నీళ్ళు పట్టిందెవరు? అత్త కాళ్ళు పిసికిందెవరు? మరిది చొక్కాలకి బొత్తాలు కుట్టిందెవరు? ఒకపూట ఒళ్ళు బాగోక పడుకుంటే మాత్రం తను లేనట్టు అందరికీ తెలిసిపోతుంది. అన్నిటికన్నా మంట ఎక్కడంటే, ఆ రోజు తలుపు తీసి, మనిషికి ఎదురుగా నిలబడి, ఎవరూ లేరన్నది తనే. ఆ టీచరమ్మా ఆడదే. మరి నువ్వెవరివమ్మా అని అడగలేదు.

మర్నాడు వంట చెయ్యకుండా ఓటర్ల పేర్లు చేర్చే ఆఫీసుకి వెళ్ళింది.

"మీవారు రాలేదా?" అన్నాడు గుమాస్తా.

"ఓటు నాది."

అతను తల దించుకుని దరఖాస్తు తీసుకున్నాడు. "విచారణకి వస్తారు. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి."

ఇంటికొస్తే అత్త ఖాళీ గిన్నెలు చూపించింది. ఆమె బియ్యం కడిగింది.

ఆదివారం మొగుడు మంచం మీద పడుకుని ఉన్నాడు. తలుపు కొట్టారు.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఎవడో చందాల వాడై ఉంటాడు. నేను లేనని చెప్పు," అన్నాడు దుప్పటిలోంచి.

ఆమె అంట్ల దగ్గర్నుంచి లేచి తలుపు తీసింది. ఆ టీచరమ్మే. మసి చేతులు ఈసారి వెనక్కి పోలేదు.

"ఆయన లేరని చెప్పమన్నారండీ," అంది. "నేనున్నాను. రాసుకోండి."