వందన వాటా గుడ్డు

ఇయ్యాల నా కొడుకు గోపీనాథ్ తినడం చూశాక నాకు అన్నం సయించట్లా. కన్నతల్లి అనాల్సిన మాట కాదు. అయినా అంటున్నా.

మా కోడలు వందనకి ఏడో నెల. పోయిన నెల నర్సమ్మ నిరోష రక్తం చూసి ఎనిమిదే ఉందంది. రోజూ గుడ్డు తినాలి, లేకపోతే కాన్పప్పుడు ప్రాణం మీదకొస్తుందని చెప్పింది. అంగన్‌వాడీలో నెలకి పాతిక గుడ్లు ఇస్తున్నారు, బయట అమ్ముకోకుండా పెంకు మీద నీలం ముద్ర వేసి మరీ. నేను తెల్లారకముందే మిరపకోతకి పోతా. పోయేముందు గుడ్డు ఉడకబెట్టుకుని తినమ్మా అని రోజూ చెప్పే పోతున్నా. నిన్న మళ్ళీ చూస్తే ఏడుకి దిగింది. ఆ గుడ్లు ఎవరు మింగుతున్నారు పిన్నీ అని నిరోష నన్ను నలుగురిలో కడిగేసింది. తల కొట్టేసినట్టయింది నాకు.

ఇయ్యాల చేనుకి పోయే ఆటో దారిలోనే మొరాయించింది. ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చా. వందన ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని పొయ్యి దగ్గర నిలబడుంది. పెనం మీద గుడ్డు. గోపీగాడు కుర్చీలో కూర్చుని సెల్లు చూస్తూ, ఉల్లిపాయ సన్నగా తరుగు, బ్రెడ్డు మాడనీకు అని పురమాయిస్తున్నాడు. ఎగ్ శాండ్‌విచ్చంట. జిమ్ముకి బలం కావాలంట. రెండు బ్రెడ్డు ముక్కల మధ్య గుడ్డు పెట్టి, ఎర్ర సాసు పోసి ఇచ్చింది ఆ పిల్ల. వాడు నోరంతా తెరిచి కొరికాడు. ఉడికీ ఉడకని పచ్చసొన గడ్డం మీదుగా కారింది. దాన్ని వేలితో తుడిచి, ఆ వేలు చీకాడు. ఛీ.

చెత్తబుట్టలో చూస్తే అన్నీ నీలం ముద్ర పెంకులే.

వాణ్ణి తిట్టలా. తిడితే సాయంత్రానికి మరిచిపోతాడు. ఎన్నాళ్ళ నుంచే ఇది అని కోడల్ని అడిగా. మొదటి నుంచే అంది. వాడికి పెట్టి, వాడొద్దన్న బ్రెడ్డు అంచులు తను టీలో ముంచుకుని తింటందంట. నీకు నోరు లేదా అంటే తల దించుకుంది.

"కాపరానికొచ్చిన రోజు మీరే చెప్పారుగా అత్తయ్యా, ఇంట్లో ఏదొచ్చినా ముందు ఆయనకి పెట్టాలని."

చెప్పా. అబద్ధమెందుకు? నా కూతురు వాసంతికీ అదే నేర్పా. ఇంట్లో ఒక్క గుడ్డుంటే వాడి కంచంలో వేసి, దాని కంచంలో పులుసు పోసేదాన్ని. అది ఏమీ అనేది కాదు. ఎంత మంచి పిల్లో అని మురిసిపోయేదాన్ని కూడా. థూ, నా బతుకు.

నిన్నటి కోత కారం ఇంకా చేతులకుంది. సబ్బుతో మూడుసార్లు కడుక్కుని ఇంకో గుడ్డు పెనం మీద కొట్టా. నాకీ శాండ్‌విచ్చులు చేతకావు. గుడ్డు ఒకపక్క మాడింది, బ్రెడ్డు విరిగింది. అంచులు మాత్రం కొయ్యలా. వాణ్ణి కుర్చీలోంచి లేపి పిల్లని కూర్చోబెట్టా. తినేదాకా కదలనని ఎదురుగా నేల మీద చతికిలబడ్డా.

సగం తిని, మిగతా సగం పళ్ళెంలో పక్కకి జరిపింది. ఎవరికే అంటే మొగుడి వైపు చూసింది. అది కూడా నీదే, తిను అన్నా. కళ్ళనీళ్ళు పెట్టుకుని తిన్నది.

గోపీగాడు అంతా చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడేగా మింగాడు, మూతి కూడా కడుక్కోలా. పళ్ళెం ఖాళీ అయ్యాక అడిగాడు.

"మరి నాకేదమ్మా?"

ఆ మాట చెవిన పడిందో లేదో, నా చెయ్యి నేలకి ఆనింది, మోకాళ్ళు లేచినయ్. పొయ్యి వైపు తిరిగా కూడా. అప్పుడు పుట్టింది నా మీద నాకే అసహ్యం. మళ్ళీ అక్కడే కూలబడ్డా.