భీమరావు సారు పక్షులను చూసిన దినం

పక్షవాతంతో కాళ్ళు పడిపోయిన తర్వాత భీమరావు సారు చెరువు ముఖం చూడలేదు. ఒకప్పుడు చలికాలం వస్తే చాలు, బడిపిల్లలను కట్ట మీదికి తోలుకుపోయి దూరదేశాల పిట్టలను చూపించిన మనిషి, ఇప్పుడు ఎమ్మిగనూరులో ఇంటి అరుగు మీద పిచ్చుకలతో సరిపెట్టుకుంటున్నాడు. అందుకే పంతొమ్మిది వందల ఎనభై మూడు చలికాలంలో, పక్క పల్లె చెరువును పక్షుల రక్షణ స్థలం చేసి, చక్రాల కుర్చీ నీటిదాకా పోయేటట్టు బండలు పరిచారని వినగానే ఆయన ప్రాణం లేచొచ్చింది. ఆ బండల మీద మొదట మీరే పోవాలని ఆ పల్లె ప్రెసిడెంటు వీరన్న ఇంటికొచ్చి పిలిచాడు.

ప్రారంభానికి ఆదోని నుంచి బ్యాండుమేళం దిగింది. పక్షులు బెదురుతాయి, నిశ్శబ్దంగా ఉండండని ఒకాయన మైకులో గొంతు చించుకున్నాడు. ఆఫీసరు జీపు దిగగానే టపాకాయల సరం అంటించారు. చెరువు మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచి దిక్కుకొకటిగా పోయాయి. ఆఫీసరు దుర్భిణీలో ఎంత వెతికినా నీళ్ళే కనబడ్డాయి.

వీరన్నకు తల కొట్టేసినట్టయింది. మనిషిని పరుగెత్తించి మల్లమ్మ ఇంటి పెంపుడు బాతులను గంపలో తెప్పించాడు. అవి నీళ్ళలోకి దిగక, నీటి అంచున కూర్చోబెట్టిన సారు ఒళ్ళో, తినడానికి తెచ్చుకున్న బొరుగులు చూసి కుర్చీ చుట్టూ మూగాయి. ఇవి మనుషులకు మాలిమి అయిన అరుదైన జాతి అని ఆఫీసరు ఉపన్యసించాడు. అందరూ చప్పట్లు కొట్టి, సారును కుర్చీతో సహా అక్కడే మరిచి, భోజనాలకు పోయారు.

సారుకు మొదట కోపమొచ్చింది. అరిచాడు కానీ బ్యాండు మోతలో ఎవరికీ వినబడలేదు. కాసేపటికి బ్యాండు కూడా తిండికి కూర్చుంది. బాతులు మెల్లగా నీళ్ళలోకి దిగి నిబ్బరంగా ఈదసాగాయి. వాటిని చూసి ధైర్యం తెచ్చుకున్నాయేమో, పైన తిరుగుతున్న అడవి బాతులు దిగాయి. వెనకనే, ఒకప్పుడు సారు బడిపిల్లలకు చూపించిన, నెత్తిన రెండు నల్లగీతలున్న దూరదేశపు పెద్దబాతుల గుంపు వచ్చి వాలింది. సారు ఊపిరి బిగబట్టాడు.

ఇంతలో భార్య సుభద్రమ్మ విస్తరి పట్టుకొచ్చింది. వెనకాలే వీరన్న, చెమటలు కక్కుతూ, తప్పైపోయింది సారూ, ఫోటోకు రండని కుర్చీ పట్టుకోబోయాడు.

సారు చెయ్యెత్తి ఆపి గుసగుసగా అన్నాడు. "ఎట్లాగూ మరిచిపోయినారు గదప్పా వీరన్నా, ఇంకా రవ్వంత సేపు మరిచిపోయి ఉండండి."

వీరన్న చెప్పులు చేతపట్టుకుని వెనక్కి నడిచాడు. సుభద్రమ్మ బండ మీద చతికిలబడి చిత్రాన్నం ముద్ద చేసి భర్త చేతిలో పెట్టింది. చీకటి పడేదాకా ఆమె కూడా లేవలేదు.