భవాని హాజరు

కాన్వెంటు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను చాయ్ హోటల్ల కూసోని ఉన్న. నాతోని చదివిన రాజమల్లయ్య చెప్పొకటి అప్పుడే బల్ల కింద దాచిపెట్టిన. వాడు ఒక్క చెప్పు ఏసుకోని కుంటుకుంట ఎతుకుతుండు. అందరు నవ్వుతున్నరు. నేను గూడ నవ్విన. నవ్వు మూతి మీదికి వచ్చింది గని లోపటికి పోలే. నా చెల్లె భవాని సచ్చిపోయినప్పటి సంది గిట్లనే ఉంటున్నది. పరాచికాలు మాత్రం ఆగలే. చెయ్యి దానంతట అదే పోయి చెప్పు దాస్తది.

ఫోన్ల సుపీరియర్ సిస్టర్. కాన్వెంటుకు ఆమెనే పెద్ద. వయసుల మాత్రం నా బిడ్డంత ఉంటది.

"మల్లేశం గారూ, లూర్దు సిస్టర్‌ను ఈరోజు హైదరాబాద్ వృద్ధాశ్రమానికి పంపిస్తున్నాం. కారు వచ్చింది. హాజరు తీసుకున్నాకే ఎక్కుతానంటున్నారు. మీరొస్తే గాని అయ్యేట్టు లేదు."

"నేను సచ్చినోళ్ల స్పెషలిస్టును గదా. వస్త," అన్న.

గా ముచ్చట మీకు చెప్పాలె. లూర్దు సిస్టర్‌కు ఎనభై దగ్గర పడ్డయి. పొద్దున ఏం తిన్నదో యాదికుండదు. గని ప్రతి సోమవారం అరుగు మీద కుర్సేసుకోని, తను చదువు చెప్పిన మొట్టమొదటి తరగతి పేర్లు వరుసగ పిలుస్తది. పుస్తకం లేదు, ఏం లేదు. ఎవ్వలు పలుకకపోతె ఏడుస్తుండెనట. మా తరగతి ఇశ్రాయేలు ఆ కాన్వెంటుల వాచ్‌మెన్. వాడు మమ్ముల పిలుచుకపోవుడు మొదలుపెట్టిండు. ముసలోళ్లం పోయి, చేతులు కట్టుకోని "హాజరు టీచర్" అంటుంటిమి. సచ్చినోళ్లకు, మగ్గాల పనికి భివండి పోయినోళ్లకు నేను గొంతు మార్చి పలుకుతుంటి. చిన్నప్పుడు దొంగ హాజరు చెప్తె చెవు మెలేసేది. ఇప్పుడు సుపీరియర్ సిస్టరే చాయ్ పోసి చెప్పిపిస్తున్నది.

భవాని తన హాజరు తనే చెప్పుకునేది. ఆమె పోయినంక నేను గా దిక్కు పోలే.

నేను కాన్వెంటుకు పోయెటప్పటికి అందరు నిలబడి ఉన్నరు. రాజమల్లయ్య నా ఎనుకనే వచ్చిండు, రెండు చెప్పులతోని. సుపీరియర్ సిస్టర్ నన్ను పక్కకు పిలిచింది.

"అందరి పేరుకూ హాజరు అనిపించండి. ఒక్కరు రాలేదన్నా ఆమె ఊరుకోరు. మీకు తెలుసు కదా."

తెలుసు. వాళ్ల సిస్టర్ల సంఘంల అది పెద్ద కట్టుబాటు. ఆ సంఘం పెట్టిన తల్లి ఫోటో లోపట గోడకున్నది. కేరళల ఒక ఇంటి అరుగు మీద ఆడపిల్లలకు చదువు మొదలువెట్టిందట. ఒక పిల్ల బడికి రాలే. బద్ధకమేమో, రేపొస్తదిలే అనుకున్నది ఆ తల్లి. ఒకటి రెండు దినాలైనంక ఇంటికి పోయి చూస్తె, పిల్ల జరమొచ్చి సచ్చిపోయింది. అప్పటి సంది, పిల్ల బడికి రాకపోతె ఆ దినమే సిస్టర్ నడుచుకుంట ఇంటికి పోవాలె. గీ కథ లూర్దు సిస్టర్ ఏటా చెప్పేది. ఏటా నేను ఎనుక కూసోని గురకలు కొట్టేది.

ఆమె మా ఊరికి వచ్చిన కొత్తల బడికి జాగ ఎవ్వలియ్యలే. మా బాపు దుబ్బయ్య కల్లు కొట్టం ఇచ్చిండు. పొద్దున అఆలు, మాపటికి కల్లు. గోడకు ఒక దిక్కు ఎక్కాలు, ఇంకో దిక్కు కల్లు ముంతలు. లూర్దు సిస్టర్ తెలుగు మా కాడనే నేర్చింది, గందుకే కేరళామె అయిన మా లెక్కనే మాట్లాడ్తది. బడి అప్పుడే మొదలైంది గందుకే, పెద్దోన్నైన నేను గూడ చెల్లె తరగతిలనే పడ్డ. అవ్వ భవానిని మేకల కాడికి తోలితె, సిస్టర్ నల్ల ఛత్రి పట్టుకోని వచ్చేది. మళ్ల తోలితె మళ్ల వచ్చేది. మా అవ్వనే యాష్టకొచ్చి పిల్లను బడికి తోలింది. భవాని పది పాసై అంగన్‌వాడీ టీచరైంది. ఆమె గూడ గంతే, పిల్ల రాకపోతె ఇంటి మీదికి పోయేది.

లూర్దు సిస్టర్ కుర్సిల కూసున్నది. తెల్ల చీర, మెడల సిలువ. మమ్ముల చూసి, "లైనుల నిలవడుండ్రి," అన్నది. నిలవడ్డం.

"అంజన్న."

"హాజరు టీచర్," అన్న, గొంతు బొంగురుగ పెట్టి. అంజన్న పోయి శానేండ్లాయె.

"కొండవ్వ."

"హాజరు టీచర్," అన్న, సన్నగ. డ్రైవర్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగిండు.

ఇశ్రాయేలు, రాజమల్లయ్య వాళ్లకు వాళ్లే పలికిన్రు. నేను నాకు పలికిన.

"దుబ్బయ్య బిడ్డ భవాని."

నోరు తెరిచిన. దాని గొంతు నాకు వచ్చినంత మంచిగ ఇంకెవ్వల గొంతు రాదు. పుట్టినప్పటి సంది దాన్ని ఎక్కిరించుడే నా పని. గని ఏం రాలే. ఏడుపు గూడ రాలే. నల్లా తిప్పితె నీళ్లు రానట్టు.

రాజమల్లయ్య మోచేతితోని పొడిచిండు. "అనురా, కారు ఆగింది."

"భవాని," అన్నది సిస్టర్ మళ్ల.

"హాజరు టీచర్," అన్నడు ఇశ్రాయేలు, మగ గొంతుతోనే.

"ఇశ్రాయేలూ, నీ పేరు అయిపోయింది. సప్పుడు చెయ్యకు."

వాడు తల వంచుకున్నడు. సిస్టర్ నా దిక్కు చూసింది.

"రాలే టీచర్," అన్న.

"ఎందుకు రాలే?"

"తెల్వది."

"నా ఛత్రి ఏది?" అని లేసింది.

సుపీరియర్ సిస్టర్ డ్రైవర్‌కు సైగ చేసింది. డ్రైవర్ డిక్కీ తెరిచి, పెట్టె కిందికెళ్లి ఛత్రి గుంజిచ్చిండు. కారుల పోదామంటె సిస్టర్ ఇనలే. భవాని ఇల్లు ఎనుక గల్లీలనే. నేను మోచెయ్యి పట్టుకున్న. కారు మా ఎనుక మెల్లగ వస్తున్నది, పెండ్లి బరాత్ లెక్క.

"మీ బాపు తాగి ఉన్నడారా?"

"గీ యాళ్లప్పుడు తాగడు టీచర్. అమ్ముతడు."

నవ్వింది. బాపు గూడ లేడు. గది చెప్పుడెందుకు.

భవాని బిడ్డ శ్రీవాణి గడపల నిలవడ్డది. నాకు మేనకోడలు. నన్ను చూసి, "మామా, ఇప్పుడు దారి దొరికిందా," అన్నది. పదకొండో దినం అయినంక నేను ఆ ఇంటికి పోలే. సిస్టర్‌ను చూసి గబగబ కుర్సి ఏసింది, నీళ్లిచ్చింది. శ్రీవాణి గూడ ఆమె కాడ చదివిందే.

గోడ మీద భవాని ఫోటో. దండ ఎండిపోయింది. సిస్టర్ దాన్ని శానసేపు చూసింది.

"ఈమె ఎవరు? పిల్ల నాయినమ్మనా?"

శ్రీవాణి నా ముఖం చూసింది. "అవును టీచర్," అన్న.

"మంచి ముఖం." శ్రీవాణి దిక్కు తిరిగింది. "ఏమ్మా, పిల్లను మేకల కాడికి తోలినవా?"

శ్రీవాణికి సమజైంది. కొంగుతోని చేతులు తుడుచుకున్నది, తడి లేకున్న. "లేదు టీచర్. జరమొచ్చింది."

జరం ముచ్చట అబద్ధం కాదు. నాలుగు దినాల జరమే తీస్కపోయింది.

సిస్టర్ లేవబోతె చేతుల గిలాస ఒరిగింది. నీళ్లు చీర మీద పడ్డయి. నన్ను పట్టుకోని అడిగింది, "నేను మొదటి దినమే వచ్చిన్నా? ఆలస్యం చేసిన్నా?"

"మొదటి దినమే వచ్చిన్రు టీచర్."

"ఆలస్యం కాలేదు గదా?"

"కాలే."

తల ఊపింది. గిలాస కింద పెట్టి, శ్రీవాణి తల మీద చెయ్యి పెట్టింది. "జరం తగ్గినంక పంపు. మేకలను ఎవలన్న కాస్తరు. మల్లేశం, నువ్వు తోలుకొని రావాలె. దారిల ఏడిపియ్యకు."

"ఏడిపియ్య టీచర్."

కారెక్కింది. సుపీరియర్ సిస్టర్ పక్కన కూసోని డోరేసింది. కారు గల్లీ మలుపు తిరిగింది. ఎవ్వలు చెయ్యి ఊపలే. ఛత్రి కుర్సికే తగిలేసి ఉన్నది, ఎవ్వలు చూసుకోలే.

"మామా, చాయ్ పెడ్త, కూసో," అన్నది శ్రీవాణి.

"మళ్లొస్త," అని బయటికొచ్చిన. అరుగు కింద నా చెప్పొక్కటే ఉన్నది. మా ఎనుకనే వచ్చిన రాజమల్లయ్య గల్లీ అవుతల నిలవడి కరెంటు తీగలు చూస్తుండు, ఎన్నడు చూడనట్టు.

ఎతకాలె అనిపియ్యలే. తిట్టాలె అని గూడ అనిపియ్యలే. అరుగు మీద కూసున్న, భవాని కూసునే జాగల. కొద్దిసేపటికి వాడే వచ్చి, అంగి కిందికెళ్లి చెప్పు తీసి నా కాళ్ల కాడ పెట్టి, పక్కకు కూసున్నడు. నేను తొడుక్కోలే. లోపట స్టవ్ ముట్టించిన సప్పుడైంది.

"కోడలా," అన్న, "రెండు చాయ్‌లు పెట్టు."